ఆమేన్ అనని అమ్మ

ప్రార్థన చివర ఆమేన్ అనడానికి ఎవరికైనా ఏం కష్టం? నోరు తెరవాలి, మూయాలి, అంతే. మదనపల్లెలో మిషన్ కాంపౌండు వెనకవీధిలో పుట్టి పెరిగిన ఫ్లారెన్స్ సరిగ్గా మాటలు రాకముందే ఆమేన్ అనడం నేర్చుకున్న మనిషి. వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని, పాస్టరు అయ్యగారి ప్రార్థన ఇంకా సగంలో ఉండగానే చర్చి అంతా వినబడేలా అనేసిందని ఇప్పటికీ ముసలివాళ్లు చెప్పుకుని నవ్వుతారు. అలాంటి మనిషికి ఇప్పుడు ఆ ఒక్క మాటను గొంతులో అణుచుకుని కూర్చోవడమే పెద్ద పరీక్ష అయిపోయింది.

అందుకు కారణం కూతురు లిడియా. పదమూడేళ్ల పిల్ల. చదువులో చురుకు, నోరు తెరిస్తే పాట. పొద్దంతా బాగానే ఉంటుంది. సాయంత్రం లైట్లు వేసే వేళకు మాత్రం ఆ పిల్ల మొహం పీక్కుపోతుంది. వాళ్ల నాన్న డేనియల్ కుప్పంలో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. వారమంతా అక్కడే గదిలో ఉండి, శనివారం సాయంత్రం మోటారు సైకిలు మీద వెంకటగిరికోట, పలమనేరు, పుంగనూరు దాటుకుని ఇంటికి వస్తాడు. లిడియా ప్రార్థనంతా ఆ దారి గురించే. "డాడీని కాపాడు ప్రభువా, డాడీ బండిని కాపాడు" అని మొదలుపెట్టి, "యేసు నామంలో అడుగుతాండాను తండ్రీ" అని ఆగుతుంది. ఆగిన ఆ క్షణంలోనే తల్లి ఆమేన్ అనాలి. కాస్త ముందు పడకూడదు, కాస్త వెనక పడకూడదు. దగ్గు కలవకూడదు. వీధిలో ఆటోవాడు హారన్ కొట్టాడా, ఆ ఆమేన్ చెడిపోయినట్టే, ప్రార్థన మళ్లీ మొదటి నుంచి. లోపల ఎక్కడో "ఆఁ, ఇప్పుడు సరిగ్గా పడింది" అనిపించేదాకా అలా చేస్తూనే ఉండాలి. పడకపోతే నాన్నకు ఏదో అయిపోతుందని ఆ పిల్ల భయం. అలా ఏమీ కాదని తనకూ తెలుసు. తెలిసినా భయం పోదు, అదే ఆ జబ్బులోని దుర్మార్గం.

మొదట్లో ఫ్లారెన్స్ మురిసిపోయింది కూడా. "మా ఇండ్లల్లో పిల్లోళ్లు సెల్లు వదలరు, నీ బిడ్డ మోకాళ్లు వదల్దు" అని చర్చిలో ఆడవాళ్లు అంటుంటే చెవులకు పండగలా ఉండేది. కన్నతల్లికి కూతురి భక్తి కనబడింది కానీ, కూతురి వణుకు కనబడలేదు. కనబడేసరికి పిల్ల భయం ముదిరి కోపమైంది. ఆ కోపాన్ని కోపం అనడం కూడా తక్కువే. స్టీలు గ్లాసులు గోడకు తగిలేవి, తలుపు రెక్క ఊడి వేలాడేది. ఒకసారి తల్లి ముంజేతి మీద పళ్లు దిగాయి. మిషన్ స్కూల్లో ఎల్.కె.జి. పిల్లలకు పాఠం చెప్పే ఫ్లారెన్స్ మండుటెండల్లో పొడుగు చేతుల జాకెట్లు తొడుక్కుని పోతే, "కొత్త ఫ్యాషనా టీచర్?" అని తోటివాళ్లు వేళాకోళం చేశారు. ఆమె నవ్వేసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది కదా, ఏమని చెప్పుకుంటుంది?

తుపాను వెలిశాక లిడియా తల్లి చేతి మీది గాట్లు నిమురుతూ, "నేను చెడ్డదాన్నామ్మా? నిజం చెప్పు, చెడ్డదాన్నా?" అని అడిగేది. కాదని చెబితే మళ్లీ అడిగేది. అలా అడిగి అడిగి తల్లి ఒళ్లోనే నిద్రపోయేది.

సలహాలకు మాత్రం లోటు లేదు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు సుశీలమ్మ దిష్టి తీయిస్తానంది. స్కూల్లో హిందీ టీచరు, వాళ్ల పిల్లలు ఎంత బుద్ధిమంతులో ముందు చెప్పి, తర్వాత రెండు తగిలిస్తే అంతా కుదురుకుంటుందని సెలవిచ్చింది. ఒడ్డున కూర్చున్నవాళ్లకు ఏరెప్పుడూ మోకాలి లోతే.

ఇక చర్చిలోని స్త్రీల సమాజం. సమాజానికి పెద్ద రెజీనా. ఎవరింట్లో జ్వరం వచ్చినా జావ పట్టుకొచ్చే మనిషి, మనసులో కల్మషం లేదు. విషయం తెలిసి ఒక సాయంత్రం సమాజం ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని వచ్చింది. చాపల మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకరు లిడియా కోసం ప్రార్థన చేశారు. చివర్లో లిడియా కూడా చేసింది. గది గదంతా ఒక్క గొంతుతో ఆమేన్ అంది. పిల్ల మొహం విప్పారింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది కూడా. ఫ్లారెన్స్ వంటింట్లోకి పోయి ఆనందంతో ఏడ్చింది.

మరునాడు సాయంత్రం తెలిసింది, చేసిన పొరపాటు ఎంతటిదో. ఇప్పుడు తల్లి ఒక్కతి అంటే చాలడం లేదు, అందరూ అనాలి. లిడియా తల్లి సెల్లు లాక్కుని రెజీనాకు, ఆ తర్వాత మిగతావాళ్లకు వరసగా ఫోన్లు చేసింది. వాళ్లు కాదనలేదు. కూరగాయలు తరుగుతూ ఒకరు, బస్సులో వేలాడుతూ ఒకరు, పెళ్లి భోజనాల దగ్గర చేయి ఎంగిలిగా ఒకరు, అందరూ ఫోన్లో ఆమేన్ అన్నారు. రోజూ అన్నారు. ప్రేమతోనే అన్నారు. బావిలో పడ్డ పిల్ల మీద అందరూ కలిసి బిందెలతో నీళ్లు పోసినట్టయింది.

చివరికి డేనియల్ పిల్లను కుప్పం తీసుకురమ్మన్నాడు. అక్కడి డాక్టరమ్మ మాలతి మొదట పిల్లతో చాలాసేపు ఒంటరిగా మాట్లాడి, తర్వాత తల్లిదండ్రులను పిలిచింది.

"ఇది దయ్యమూ కాదు, పొగరూ కాదు, మీ పెంపకంలో తప్పూ కాదు. ఓసీడీ అని ఒక జబ్బు. మాత్రలు రాస్తాను. మాత్రలతో పాటు మీరు చేయాల్సింది ఒకటుంది. గజ్జిని గోకితే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, పుండు మాత్రం పెద్దదవుతుంది. మీ ఆమేన్ ఆ గోకడమే. పాపను ప్రార్థన చేసుకోనీయండి. మీరు మాత్రం ఆమేన్ అనొద్దు. 'ఏం కాదులే' అని ధైర్యం కూడా చెప్పొద్దు. ఊరికే పక్కన కూర్చోండి. కోపం వస్తుంది, ఏడుస్తుంది, దానంతట అదే దిగిపోతుంది. మీరు అనకపోయినా నాన్న క్షేమంగా వచ్చాడని తను కళ్లారా చూడాలి. లిడియాతో చెప్పాను, ప్రయత్నిస్తానంది."

"నేను ఆమేన్ అనకుండా ఉంటే..." ఫ్లారెన్స్ ఆగిపోయింది.

"మీ దేవుడు ఆ ఒక్క మాట కోసం కాచుకొని కూర్చుంటాడా అమ్మా?" అని డాక్టరమ్మ మెల్లగా అడిగింది. వెటకారంగా అడగలేదు.

తిరిగి వచ్చాక ఆమె సమాజంలో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, లిడియా ఫోన్ చేస్తే ఆమేన్ అనొద్దని వేడుకుంది. కొందరు సరేనన్నారు. రెజీనా మాత్రం ఒప్పుకోలేదు.

"బిడ్డ ప్రార్థనకు ఆమేన్ అనొద్దని ఇంతవరకూ నాకు ఎవురూ చెప్పలేదు ఫ్లారెన్సూ. ఆ మాట సైతాను చెప్పాల్సిన మాట. యాల ఇట్లయిపోతాండావమ్మా?"

"జబ్బక్కా అది. డాక్టరమ్మ..."

"డాక్టరమ్మకు ప్రార్థనంటే ఏమి తెలుసు?"

అంతే. తర్వాత ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఆదివారం చర్చి మెట్ల మీద "వందనాలు" అని ముందుకు పోయేవాళ్లు. ఆమె కూర్చున్న బెంచీలో ఎప్పుడూ పక్కన కూర్చునేవాళ్లు రెండు వరసలు ముందుకు జరిగారు. ఇంటింటా జరిపే ప్రార్థన, గృహకూటం, వీధిలో అన్ని ఇళ్లకూ పోయి, ఆమె ఇల్లు దాటి, పక్కింట్లో జరిగింది. గోడ అవతల నుంచి వచ్చే పాటకు ఫ్లారెన్స్ గొంతు కలిపి పాడింది. ఇన్నేళ్లలో ఆమె మొదటిసారి ఒంటరిగా పాడుకుంది. వాళ్ల మీద కోపం వస్తే బాగుండేది. కోపం రాలేదు, వాళ్ల మీద బెంగ వచ్చింది.

డేనియల్ మంచివాడే. రోజూ ఫోన్ చేసేవాడు. "నువ్వు గట్టిగా ఉండు" అనేవాడు. కుప్పంలో కూర్చుని గట్టిగా ఉండమని చెప్పడం ఎవరికైనా సులువే. గట్టిగా ఉండాల్సిన చోట ఫ్లారెన్స్ ఒక్కతే ఉంది.

మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొచ్చింది. నాన్న గదిలోనే ఉన్నాడని తెలుసు కాబట్టి లిడియా ఏడ్చి, కాసేపు కాళ్లు నేలకేసి కొట్టి ఊరుకునేది. శనివారం సంగతి వేరు. బండి రోడ్డు మీద ఉంటుంది. పోయిన శనివారం పిల్ల కిటికీ ఊచలకు తల కొట్టుకుంటుంటే చూడలేక తల్లి ఆమేన్ అనేసింది. ఆ సంగతి డాక్టరమ్మకు ఫోన్లో చెబితే, "ఎంత గట్టిగా అరిస్తే అమ్మ లొంగుతుందో తనకు తెలిసిపోయింది. ఈసారి అంతకంటే ఎక్కువ అరుస్తుంది. ఈ ఒక్క శనివారం నిలబడండి. మళ్లీ అన్నారంటే మనం మొదటికి వస్తాం" అంది.

ఆ శనివారం రానే వచ్చింది. నాలుగింటికి డేనియల్ ఫోన్ చేసి బయల్దేరుతున్నానన్నాడు. పొద్దు గుంకాక లిడియా మోకరించింది. ఫ్లారెన్స్ పక్కన కూర్చుంది.

"...యేసు నామంలో అడుగుతాండాను తండ్రీ."

పిల్ల కళ్లు తెరిచి తల్లి నోటి వంక చూసింది.

"అమ్మా."

"వినినానమ్మా. ఈడనే ఉండాను."

"చెప్పు."

"చెప్పనమ్మా."

"ఒక్కసారి. ఇదే లాస్టు. రేపట్నుంచి అడగను, ప్రామిస్."

"చెప్పను నాయనా. నీ పక్కనే కూర్చుంటా."

మొదట బతిమాలింది. కాళ్లు పట్టుకుంది. తర్వాత లేచింది. టీపాయ్ తిరగబడింది, మంచినీళ్ల జగ్గు గోడకు తగిలి దొర్లింది. "డాడీ చచ్చిపోతే నువ్వే చంపినట్టు! నువ్వే! నీకు డాడీ అంటే ఇష్టం లేదు!" అని అరుస్తూ తల్లి జుట్టు రెండు చేతులా పట్టుకుని గుంజింది. ఫ్లారెన్స్ ఆ చేతులు గట్టిగా పట్టుకుని ఉండిపోయింది. ఆ మాటలు జబ్బు అంటున్న మాటలని డాక్టరమ్మ చెప్పింది. అయినా అవి వచ్చేది కన్నబిడ్డ నోట్లోంచే కదా. తగలకుండా ఎలా ఉంటాయి?

గలాటాకు సుశీలమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఏం టీచరమ్మా ఇది, బిడ్డ అంత ఏడుస్తాంటే! ఆ మాటేదో అనేస్తే పోలేదా? ఇట్ల రా పాపా, నేనంటా సూడు. ఆమేన్! సరిపోయిందా?"

"నువ్వంటే పనికిరాదవ్వా! అమ్మే అనల్ల!" అని లిడియా ఏడుస్తూ అరిచింది.

అంత బాధలోనూ ఫ్లారెన్స్‌కు నవ్వు వచ్చినంత పనయింది. సుశీలమ్మ మాత్రం నొచ్చుకుంది. "ఏం మనుషులో, ఏం మతమో" అని గొణుక్కుంటూ దిగిపోయింది.

లిడియా తల్లి సెల్లు అందుకుని తండ్రికి ఫోన్ కలిపింది. అందుబాటులో లేడని ఆడగొంతు తీరిగ్గా చెప్పింది. మళ్లీ కలిపింది. మళ్లీ అదే గొంతు. పిల్ల ఫోన్‌ను పరుపు మీదికి విసిరి గోడకు జారగిలబడింది. ఏడుపు హోరు కాస్త కాస్తగా తగ్గింది. వెక్కిళ్లయ్యాయి. వెక్కిళ్లూ ఆగాయి. డాక్టరమ్మ చెప్పినట్టే అది దానంతట అదే దిగిపోయింది. ఎవరూ ఆమేన్ అనకుండానే దిగిపోయింది.

ఫ్లారెన్స్‌కు సంతోషం కలగాలి. కలగలేదు. డేనియల్ ఇంటికి రావాల్సిన వేళ దాటి చాలాసేపయింది.

"ఇంకా రాలేదే" అంది లిడియా సన్నగా.

వస్తాడమ్మా, ఏం కాదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట కూడా అనకూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు, అదే ఇది.

"నాకూ తెల్దమ్మా" అంది. "కూర్చుందాం."

ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చున్నారు. పిల్ల తల మెల్లగా తల్లి భుజం మీదికి వాలింది. పలమనేరు దగ్గర మలుపులు, టమాటా లారీలు, వాటి వెనక లైట్లు వెలగని సంగతి, అన్నీ ఫ్లారెన్స్ కళ్ల ముందు తిరిగాయి. ఇన్నాళ్లూ పిల్ల భయమని పక్కన కూర్చుని చూసింది. ఇప్పుడది ఆమె భయమూ అయింది. నిజంగానే ఏమన్నా అయివుంటే? అడిగిన పిల్లకు ఒక్క మాట ఇవ్వలేదే అని జీవితాంతం అనుకోవాల్సి వస్తే?

"మొహం కడుక్కొని వస్తానుండు" అని లేచింది.

బాత్రూములో గడియ పెట్టుకుని, కొళాయి తిప్పి నీళ్లు బకెట్టులోకి వదిలింది, చప్పుడుకు తన మాట బయటికి వినబడకూడదని. తువాలు నోటికి అడ్డం పెట్టుకుంది. "ప్రభువా, ఆయన్ను ఇంటికి చేర్చు. ఆమేన్" అంది.

మాట తువాల్లో నలిగిపోయింది. బాగా రాలేదనిపించింది. తువాలు తీసి మళ్లీ అంది. ఈసారి నీళ్ల చప్పుడు కలిసింది. కొళాయి కట్టేసి మళ్లీ అంది. గొంతు జీరపోయింది. గొంతు సవరించుకుని నోరు తెరవబోతూ, కొళాయి మీది తన చేతిని చూసి అలాగే ఉండిపోయింది. మాటలో చప్పుడు కలవకూడదని కట్టేసిన కొళాయి అది. తన బిడ్డ రోజూ సాయంత్రం ఉండే చోటు ఇదన్నమాట. ఇంత ఇరుకైన చోట ఆ పసిది ఇన్నాళ్లూ ఒక్కతే ఉందన్నమాట. ఏడుపు ముంచుకొచ్చింది.

ఇదంతా అర్థమై కూడా, ఏడుపు ఆపుకుని ఇంకొక్కసారి అంది. ఈసారి మాట సరిగ్గా పడింది.

గడియ తీస్తుండగానే కింద వీధిలో డేనియల్ బండి చప్పుడు వినబడింది.

ఒళ్లంతా దుమ్ముతో పైకి వచ్చాడు. "వెంకటగిరికోట దాటినాక ఏనుగులు రోడ్డెక్కినాయి. ఫారెస్టోళ్లు బండ్లన్నీ నిలిపేసినారు. ఆడ సిగ్నలే లేదు. భయపడినారా?" అన్నాడు. పడిపోయిన టీపాయ్‌ని, గోడ మీది నీళ్ల మరకను చూశాడు.

లిడియా లేచి అతని ముందుకు వచ్చింది. పైనుంచి కింది దాకా చూసింది. చొక్కా చేతిని పట్టుకుని లాగి చూసింది, మనిషి నిజంగా ఉన్నాడో లేదో అన్నట్టు.

"అమ్మ ఆమేన్ అనలేదు డాడీ."

"అనలేదా?"

"అనలా. నేను అంత గలాటా చేసినా, జుట్టు పెరికినా అనలేదు. ఒక్కసారి గూడా అనలేదు. అయినా నువ్వొచ్చేసినావు." ఆ పిల్ల గొంతులో ఇన్నాళ్లుగా ఎన్నడూ లేని ఆశ్చర్యం ఉంది. తల్లి వైపు తిరిగింది. "కదమ్మా? అనలేదు కదా?"

డేనియల్ కూడా ఆమె వైపే చూస్తున్నాడు, కళ్లలో నీళ్లతో, గర్వంగా.

"అవునమ్మా" అంది ఫ్లారెన్స్. "అనలేదు."

అన్నాలు వడ్డించింది. లిడియా చారు రెండోసారి పోయించుకుంది. ఏనుగులు ఎన్నున్నాయి, పిల్ల ఏనుగు ఉందా, దాని తొండం ఎంత అని తండ్రిని వేపుకుతిన్నది. ఇంట్లో ఇంత సందడి విని చాలా రోజులైంది. డాక్టరమ్మకు చెప్పుకోవచ్చేమో. కానీ ఈ సంగతి ఎవరి నోట పడినా తిరిగి తిరిగి పిల్ల చెవిన పడుతుందని, పడితే ఈ నవ్వు ఉండదని ఫ్లారెన్స్‌కు భయం. రెజీనాకు చెబితే దేవుడు విన్నాడంటుంది. మొగుడికి చెబుదామంటే అతని మొహంలో ఆ గర్వం ఉంది. చెప్పుకోవడానికి ఊరంతటిలో ఒక్క మనిషి లేకపోయింది. తన బాధ అచ్చంగా అర్థం చేసుకోగలిగిన మనిషి ఒక్కతే ఉంది. ఆ పిల్లకే చెప్పకూడదు.

"సోమారం తెల్లారే పోవల్ల నేను. పరీక్షలుండాయి" అన్నాడు డేనియల్ చేయి కడుక్కుంటూ.

"పో డాడీ, ఏం కాదు" అంది లిడియా నవ్వుతూ, ఎంగిలి గ్లాసులు గలగలమని సింకులో వేస్తూ.

ఫ్లారెన్స్ పొయ్యి వైపు తిరిగి నిలబడింది. గ్లాసుల చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆగి, అప్పుడు పెదవులు కదిపింది.